ఫాంటమ్ గొంతు మా బాబాయిది

పెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. అది కాస్త తగ్గాక దాని అడుగు నుంచి ఇంకో వాసన వచ్చింది. పాత న్యూస్‌ప్రింటు వాసన. కొంచెం తియ్యగా, కొంచెం మక్కినట్టు, ఎక్కడో బొగ్గు మసి కూడా కలిసినట్టు ఉంటుంది. నన్ను నలభై ఏళ్ళు వెనక్కి ఈడ్చుకెళ్ళడానికి అది చాలు.

మా బాబాయి పెద్దకర్మ అయిన మర్నాడు ఇది. చుట్టాలు వెళ్ళిపోయారు, షామియానా విప్పేశారు, అద్దె కుర్చీలు ఇంకా గోడకి జేరేసి ఉన్నాయి. పిన్ని వరండాలో కూర్చుని, "ఒరేయ్, అటక మీద మీ బాబాయి పెట్టె ఉంది, దించి చూడు. పాత పేపర్లవాడికి వేసేద్దామంటే ఇరవై ఏళ్ళ నుంచీ నన్ను ముట్టుకోనివ్వలేదు" అంది. ఏవో పాస్‌బుక్కులో, రైల్వే కాగితాలో ఉంటాయనుకున్నా. తీరా చూస్తే ఇంద్రజాల్ కామిక్స్. నూటయాభై దాకా ఉన్నాయి. పిన్నులు తుప్పు పట్టి ప్రతి పుస్తకం నడుం మీదా గోధుమరంగు మరకలు. కొన్నిటికి అట్టల్లేవు. అన్నిటికంటే పైన ఉన్న దాని మీద ఊదారంగు బట్టల్లో, నల్ల ముసుగులో, తెల్లటి కళ్ళతో ఆయన. ఫాంటమ్.

ఇప్పటి పిల్లలకి ఎవరో చెప్పాలి కాబట్టి చెప్తున్నా. లీ ఫాక్ అనే అమెరికన్ రచయిత 1936లో పేపర్ల కోసం పుట్టించిన మనిషి ఫాంటమ్. ఎగరలేడు, గోడలు పాకలేడు, ఒంట్లో ఏ శక్తీ లేదు. అడవిలో పుర్రె ఆకారం గుహ, తెల్ల గుర్రం, ఒక తోడేలు (కుక్క అంటే బాబాయికి కోపం వచ్చేది), వేలికి పుర్రె ఉంగరం. ఆ ఉంగరంతో దవడ మీద గుద్దితే ఆ ముద్ర జన్మలో పోదు. మన దగ్గర టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964లో ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టి, 1990లో ఆపేసే దాకా 800కి పైగా పుస్తకాలు వేశారు. వాటిలో పెద్ద వాటా ఈయనదే. మన పాఠకులకి ఇబ్బంది అనుకున్నవి అక్కడక్కడా మార్చేవారు కూడా. ఫాంటమ్ ఉండే దేశం పేరు మన పుస్తకాల్లో డెంకాలీ. సింగ్ సముద్రపు దొంగలు మన దగ్గరికొచ్చేసరికి సింగా దొంగలయ్యారు. ఇవన్నీ నాకు చాలా కాలం తర్వాత తెలిసాయి. చిన్నప్పుడు మాకు తెలిసిన ఫాంటమ్ వేరు. ఆయన గోదావరి యాసలో మాట్లాడేవాడు.

సామర్లకోటలో రైల్వే క్వార్టర్స్ మావి. బాబాయికి అప్పటికి పెళ్ళి కాలేదు. అదే స్టేషన్లో బుకింగ్ క్లర్కు, మా ఇంట్లోనే ఉండేవాడు. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా స్టేషన్లో పుస్తకాల స్టాలు దగ్గర ఒక ఇంద్రజాల్ కొనుక్కొచ్చేవాడు, ప్రయాణికులు బల్ల మీద వదిలేసి పోయినవి కూడా ఏరుకొచ్చేవాడు. అన్నీ ఇంగ్లీషువే. మాకు ఎ ఫర్ యాపిల్ దాటి రాదు. అందుకని రాత్రి భోజనాలయ్యాక పెరట్లో నవారు మంచం వాల్చి, దాని మీద ఆయన, చుట్టూ చాపల మీద మా వరస క్వార్టర్స్ పిల్లలం ఏడెనిమిది మందిమి. కరెంటు ఉంటే సరే, లేకపోతే డ్యూటీకి తీసుకెళ్ళే టార్చిలైటు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తే మడ్డి వాసన. ఆ వాసన వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆఫ్రికా అడవి గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

బొమ్మ మీద వేలు పెట్టి తెలుగులో చెప్పేవాడు. పొట్టివాళ్ళ నాయకుడు గురాన్ ఫాంటమ్‌తో ఏం మాట్లాడినా "ఆయ్, దొరగారూ" అనే మొదలుపెట్టాలి. దొంగల ముఠా నాయకుడిది మా ఫోర్‌మన్ గొంతు, మాకు తెలిసిపోయి పక్కున నవ్వేవాళ్ళం. "అడవిలో ఒక పాత సామెతుందిరా" అని ఆ పుస్తకాల్లో తరచూ వచ్చే మాట ఉంది కదా, దాన్ని పట్టుకుని బాబాయి సొంత సామెతలు కూడా కలిపేసేవాడు. ఫాంటమ్ సారా కొట్టుకెళ్ళి గ్లాసుడు పాలు అడిగే సీను వస్తే మాత్రం ఆగి, మా అందరి వంకా చూసి, "చూశారా, పాలు" అనేవాడు. అమ్మ లోపల్నుంచి నవ్వేది.

ఫాంటమ్ మాట్లాడాల్సి వచ్చినప్పుడు బాబాయి గొంతు మారిపోయేది. పెంచేవాడు కాదు, తగ్గించేవాడు. ముందు కాసేపు ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ తర్వాత, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, రెండే రెండు మాటలు. మా వెనక చెట్లలో ఆయనే ఉన్నాడని మెడ తిప్పి చూసుకునేవాళ్ళం.

సరిగ్గా అప్పుడే బండి వచ్చేది. క్వార్టర్స్ పట్టాలకి ఎంత దగ్గరంటే బండి పోతుంటే గోడకున్న గిన్నెలు కదిలేవి, మాట వినపడేది కాదు. ఫాంటమ్ తలుపు తోసి లోపల అడుగు పెట్టబోతుంటాడు, అంతలో మెయిలు. గూడ్సయితే మరీ ఘోరం, పెట్టెలు పోతూనే ఉంటాయి. బాబాయి బొమ్మ మీంచి వేలు తీయకుండా అలాగే కూర్చునేవాడు. మేం ఆ ఒక్క బొమ్మనే చూస్తూ ఉండేవాళ్ళం. తలుపు, నీడ, ఉంగరం ఉన్న చెయ్యి. ఆ బండ్ల మీద మాకు ఎంత కోపమో చెప్పలేను.

ఆ బొమ్మలు నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. నిన్న చూసిన సినిమాలో ఒక్క షాటు చెప్పమంటే చెప్పలేను.

*

సూపర్‌మేన్ నాకు పుస్తకంలో పరిచయం కాలేదు, ఎన్టీ రామారావు గారి రూపంలో పరిచయమయ్యాడు. 1980లో వచ్చిన 'సూపర్‌మేన్'. కాకినాడలో చూశాం, ఇంటర్వెల్‌లో గోళీ సోడా తాగాం. అందులో హీరోకి శక్తులు వేరే గ్రహం నుంచి రావు, ఆంజనేయస్వామి ఇస్తాడు. మాకు అందులో ఏ వింతా కనిపించలేదు. ఎగరాలంటే ఆంజనేయస్వామిని కాక ఇంకెవర్ని అడుగుతాం?

కొన్నాళ్ళకి బాబాయి ఒక అసలు సూపర్‌మేన్ పుస్తకం తెచ్చాడు, ఎవరో బండిలో మర్చిపోయింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. ఆంజనేయస్వామి లేడు. "ఇది డూప్లికేటు బాబాయ్" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, "కాదురా, ఇదే ఒరిజినల్. కానీ నువ్వు చెప్పిందే బాగుంది" అన్నాడు.

తర్వాతెప్పుడో చదివితే తెలిసింది, అసలు సూపర్‌మేన్ కూడా మొదట ఎగరలేదట. 1938లో సీగెల్, షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు పుట్టించినప్పుడు గెంతేవాడంతే, మిడతలాగా, ఒక్క దూకుకి ఫర్లాంగు. 1941లో ఫ్లైషర్ వాళ్ళు కార్టూన్ సినిమాలు తీసేటప్పుడు ఆ గెంతులు తెర మీద బాగాలేవని గాల్లో తేల్చేశారు. అతన్ని నీరసింపజేసే క్రిప్టనైట్ రాయి కూడా ముందు రేడియో నాటకంలోనే వచ్చింది, పుస్తకంలోకి ఆరేళ్ళకి చేరింది. అంటే సినిమా వాళ్ళు మా హీరోని పాడుచేశారు అని ఏడ్చే నాలాంటివాళ్ళు ఎంత వెనక్కి వెళ్ళినా ఆ 'పాడుకాని' రోజు దొరకదన్నమాట. ఈ సంగతి బాబాయికి ఫోన్లో చెప్తే, "మరి చిన్నప్పుడే నువ్వు డూప్లికేటని కనిపెట్టావు కదరా" అన్నాడు.

*

మా వరసలో మొదటి టీవీ ఒక ఆఫీసరు గారింట్లో వచ్చింది. దూరదర్శన్‌లో స్పైడర్‌మేన్ కార్టూన్ వేసేవాడు, అమెరికాలో 1967లో తీసిన పాతది. అందులో స్పైడర్‌మేన్ మేడల మధ్య ఊగుతూ పోయే బొమ్మలు నాలుగైదే ఉంటాయి, వాటినే తిప్పి తిప్పి వేస్తారు. బట్టల మీద సాలెగూడు గీతలు కూడా ముసుగుకీ, చేతులకీ, బూట్లకీ మాత్రమే, మిగతాది గీయడానికి డబ్బుల్లేక వదిలేశారు. అవన్నీ మాకేం పట్టింది? బొమ్మ కదులుతోంది. చాలు.

ఒక రోజు బాబాయి కూడా మాతో వచ్చాడు. వెనకాల గుమ్మం దగ్గర నిలబడి, కాసేపు చూసి, అలవాటు కొద్దీ తెలుగులో మొదలుపెట్టాడు. "ఇప్పుడు వీడు ఏమంటున్నాడంటే..."

"ష్! బాబాయ్, వినపడట్లేదు" అన్నాం. నేనే అన్నాను.

టీవీలో మాట్లాడేది ఇంగ్లీషు. మాలో ఒక్కడికీ ఒక్క ముక్క అర్థం కావట్లేదు. అయినా అర్థంకాని ఆ గొంతు కోసం, అర్థమయ్యే గొంతుని ఆపమన్నాం. ఆయన ఏమీ అనుకోలేదు, నవ్వి, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు. రాత్రి పెరట్లో కథలు ఆగిపోయింది ఆ రోజే అని చెప్పను, కానీ ఆ తర్వాత చాపల మీద ఏడెనిమిది మందిమి ఎప్పుడూ కూర్చోలేదు. నలుగురు, ఇద్దరు, చివరికి నేనొక్కణ్ణి. బాబాయికి పెళ్ళయింది, బదిలీ అయింది.

*

చాలా ఏళ్ళకి ఫాంటమ్ సినిమా చూశాం, ఇద్దరం కలిసి, కేబుల్లో. హాలీవుడ్ వాళ్ళు 1996లో తీసింది. అప్పటికి నేను హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నాను, సెలవులకి ఆయన దగ్గరికి వెళ్ళాను. పిన్ని పకోడీలు వేసింది. బాబాయి కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

సినిమా మరీ చెత్తేమీ కాదు. గుర్రం ఉంది, తోడేలు ఉంది, బట్టలు ఊదారంగే. బిల్లీ జేన్ అనే ఆ నటుడు కష్టపడి కండలు పెంచాడు. కానీ బాబాయి మొదటి పది నిమిషాల్లోనే, "కళ్ళు కనపడుతున్నాయిరా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. పుస్తకంలో ఫాంటమ్ ముసుగు వెనక కనుపాపలు ఉండవు, తెల్లగా ఉంటుంది అంతే. గ్రీకు శిల్పాల కళ్ళల్లో పాపలుండవు కదా, అవి చూసి అలా గీయించానని లీ ఫాక్ చెప్పుకున్నాడు. సినిమాలో ముసుగు కన్నాల్లోంచి ఆ నటుడి కళ్ళు చక్కగా అటూ ఇటూ తిరుగుతున్నాయి. కాసేపటికి ముసుగే తీసేసి, సూటు వేసుకుని, న్యూయార్క్‌లో హీరోయిన్‌తో మాట్లాడుతున్నాడు. పుస్తకంలోనూ ఆయన పట్నం వెళ్తాడు, మిస్టర్ వాకర్ అని పేరు పెట్టుకుని. కానీ అప్పుడు కూడా పొడుగు కోటు, టోపీ, నల్ల కళ్ళద్దాలు. ముసుగు లేని ఆయన ముఖం చూసినవాడు ఘోరంగా చస్తాడని అడవిలో నమ్మకం. బొమ్మలు గీసేవాళ్ళు కూడా దాన్ని పాటించారు, మనకి కూడా చూపించలేదు.

బాబాయి లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. కూర్చున్నాడు, చివరి దాకా చూశాడు. అయిపోయాక ఒకటే మాట: "ఏవఁయింది, బానే తీశాడు. కానీ మొహం చూపించేశాడ్రా."

ఆ సినిమా అమెరికాలోనే ఆడలేదు. రెండో భాగం రాలేదు. ఇంద్రజాల్ పుస్తకాలు మన దగ్గర అప్పటికే ఆగిపోయాయి.

*

ఇక నా పాపం చెప్పుకోవాలి. నేను పాతికేళ్ళుగా డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఇంగ్లీషు బొమ్మలకి తెలుగు మాటలు. ముసుగులు వేసుకున్న వీరులకి కొన్ని వందల గంటలు రాసి ఉంటాను. ఏ కంపెనీకి, ఏ సినిమాకి అని చెప్పను, చెప్పకూడదని రాసిచ్చాం కూడా.

ఈ పని బయటికి కనిపించినంత తేలిక కాదు. తెర మీద మనిషి ప, బ, మ పలికినప్పుడు పెదాలు కలుస్తాయి, మన మాటలోనూ అక్కడే పెదాలు కలిసే అక్షరం పడాలి. వాడు నోరు తెరిచి ఉంచిన చోట నేను 'పం' అని రాస్తే మైకు ముందున్న ఆర్టిస్టు నన్ను తిడతాడు. ఇంగ్లీషు వాడు క్రియని ముందే చెప్పేసి తీరిగ్గా మిగతాది చెప్తాడు, మనకి క్రియ చివర్లో వస్తుంది. విలన్ తుపాకీ ఎత్తేసరికి 'చంపేస్తాను' పడాలి, ఆలస్యమైతే జోకయిపోతుంది. వరసలు ఇంకో తలనొప్పి. స్పైడర్‌మేన్‌కి అంకుల్ బెన్ ఉన్నాడు కదా. బాబాయ్ అనాలా, పెదనాన్న అనాలా? లెక్క ప్రకారం బెన్ పీటర్ (స్పైడర్‌మేన్ అసలు పేరు) వాళ్ళ నాన్నకి అన్న, కాబట్టి పెదనాన్న. ఒకసారి దీని మీద మేం నలుగురం ఓ పూటంతా కొట్టుకున్నాం. చివరికి అంకులే ఉంచారు. నేను మాత్రం కాగితం మీద బాబాయ్ అనే రాసుకున్నాను, ఎందుకో.

మా రాతగాళ్ళకి ఇష్టమైన వేషం స్పైడర్‌మేన్‌దే. ముఖమంతా ముసుగు, పెదాలు కనపడవు, హాయిగా ఏదైనా రాసుకోవచ్చు. అందరికంటే కష్టం బ్యాట్‌మేన్, ఆయనకి సరిగ్గా గడ్డమూ మూతే బయట ఉంటాయి. కానీ కొత్త సినిమాలు వస్తున్న కొద్దీ ఒకటి గమనించాను. స్పైడర్‌మేన్ ముసుగు ఉండట్లేదు. చిరుగుతుంది, కాలుతుంది, లేదా వాడే తీసి చేత్తో పట్టుకుంటాడు. ముఖ్యమైన ఫైటు వచ్చిందంటే ముసుగు పోయిందనే లెక్క. అంత డబ్బు పోసి తెచ్చుకున్న నటుడి ముఖం రెండు గంటలు గుడ్డ కింద దాచడానికి ఎవరికి మనసొప్పుతుంది? పుస్తకంలో ఆ ముసుగు కింద ఎవరైనా ఉండొచ్చు, సామర్లకోట పిల్లాడైనా సరే. అక్కడ ముసుగు తీయించేది కథ. ఇక్కడ పారితోషికం.

తెర మీద జరిగింది తెర మీదే ఉండిపోదు కూడా. చిన్నప్పుడు మేం స్పైడర్‌మేన్ ఆట ఆడితే రెండు వేళ్ళు మడిచి అరచేతిని నొక్కుకునేవాళ్ళం, అక్కడ మీట ఉన్నట్టు. ఎందుకంటే 1962 నాటి అసలు కథలో ఆ దారం వాడి ఒంట్లోంచి రాదు. డబ్బుల్లేని స్కూలు కుర్రాడు, సైన్సు పిచ్చోడు, మందు తనే తయారుచేసి మణికట్టుకి యంత్రం కట్టుకుంటాడు. మా పాలిటెక్నిక్ అన్నయ్యలు ట్రాన్సిస్టర్ బిగించినట్టు. అందుకే వాడంటే మాకు అంత ఇష్టం. 2002 సినిమాలో ఆ యంత్రం తీసేసి, దారం చేతిలోంచే వచ్చేలా పెట్టారు. సరే, సినిమా సంగతి కదా అనుకున్నా. కొన్నాళ్ళకి ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే కొత్త అమెరికన్ కామిక్ ఒకటి దొరికింది. తెరిచి చూస్తే అందులోనూ దారం చేతిలోంచే వస్తోంది. నలభై ఏళ్ళ పుస్తకం నాలుగేళ్ళు తిరక్కుండా సినిమాకి సర్దుకుపోయింది. తర్వాత మళ్ళీ యంత్రం పెట్టారనుకోండి. కానీ ఆ రోజు ఆ ఫుట్‌పాత్ మీద నాకు ఎవరో మా ఇంటి గోడ జరిపినట్టు అనిపించింది.

అన్నీ నష్టాలే అనను. బ్యాట్‌మేన్ కథల్లో ఇప్పుడందరికీ తెలిసిన హార్లీ క్విన్ అసలు 1992 టీవీ కార్టూన్ కోసం పుట్టిన పిల్ల, అక్కణ్ణుంచే పుస్తకాల్లోకి వెళ్ళింది. ఆ కార్టూన్ బాగుంటుంది, నాకు చాలా ఇష్టం. అదే బ్యాట్‌మేన్‌ని 1966 టీవీ సీరియల్ నవ్వులాటగా చేసింది, దెబ్బ పడినప్పుడల్లా తెర మీద 'పౌ' అని అక్షరాలు. అమెరికా అంతా పూనకమొచ్చినట్టు చూశారు, 1968కల్లా మొహం మొత్తింది, మూసేశారు. ఆ నవ్వు మరక వదిలించి మళ్ళీ చీకటి మనిషిని చేయడానికి కథలు రాసే డెన్నీ ఓనీల్, బొమ్మలు గీసే నీల్ ఆడమ్స్ లాంటివాళ్ళు కూర్చుని పాటుపడాల్సి వచ్చింది. అంటే పుస్తకం వాళ్ళకి తేరుకోవడానికి టైము దొరికింది. నాకు అసూయగా ఉండేది ఆ టైమును చూసి.

మా పనిలో మొదట్లో ఇలాంటి వీరుల సినిమా ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. స్క్రిప్టు వచ్చిందంటే పండగ. ఒక్కో మాటకి మూడు రకాలు రాసుకుని, ఇంట్లో అద్దం ముందు నిలబడి పెదాలు చూసుకునేవాణ్ణి. వీరుడు మొదటిసారి నోరు తెరిచే చోట మాత్రం కళ్ళు మూసుకుని, ఇక్కడ బాబాయి అయితే ఏమంటాడు అని ఆలోచించేవాణ్ణి. ఎప్పుడూ నేను రాసిన దానికంటే రెండు మాటలు తక్కువే అనేవాడు.

2018లో మార్వెల్ కంపెనీ సినిమాలో విలన్ థానోస్‌కి తెలుగులో రానా గొంతు ఇచ్చినప్పుడు పెద్ద సందడి. మరుసటి ఏడాది 'ఎండ్‌గేమ్', పదకొండేళ్ళలో వాళ్ళది ఇరవై రెండో సినిమా, ప్రపంచం మొత్తం మీద 279 కోట్ల డాలర్లు. జనం థియేటర్లో ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండు. 2021 ఒక్క ఏడాదిలో మార్వెల్ వాళ్ళవి నాలుగు సినిమాలు, ఐదు సీరియల్స్. మాకూ ఆ వేడి తగిలింది. అద్దం ముందు నిలబడే టైము పోయింది. రాత్రి ఫైలు వస్తుంది, ఎల్లుండికి కావాలి. అసలు అది సినిమాలో మొదటి భాగమో నాలుగో భాగమో తెలియకుండా ముక్కలుగా వస్తుంది, పేరు ఉండదు, నంబరు ఉంటుంది. 'క్యారెక్టర్ 3: ప్రపంచాన్ని కాపాడాలి.' ఈ మాట నేను ఎన్నిసార్లు రాశానో. ఒకసారి రెండు వేరు వేరు కంపెనీల వీరులకి ఒకే వారంలో ఒకే డైలాగు రాసేశాను, ఒక్కరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది.

జనం మాత్రం మెల్లగా రావడం మానేశారు. 'కెప్టెన్ మార్వెల్' 2019లో 110 కోట్ల డాలర్లు దాటింది. అదే అమ్మాయి ఇంకో ఇద్దర్ని వెంటపెట్టుకుని 2023లో 'ద మార్వెల్స్' అని వస్తే 21 కోట్ల డాలర్లు కూడా రాలేదు. మరీ ఎక్కువ తీసేసరికి శ్రద్ధ పలచబడిందని, మార్వెల్‌కి యజమాని అయిన డిస్నీకి అప్పటి పెద్దాయన బాబ్ ఐగరే ఆ ఏడాది ఒప్పుకున్నాడు. మజ్జిగలో నీళ్ళు పోస్తూ పోయాక పలచనైందని ఒప్పుకోవడం పెద్ద విశేషమా?

*

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు బాబాయి తన మనవడి పక్కన కూర్చుని ఫోన్లో ఏదో చూస్తున్నాడు. ఆ పిల్లాడు ఆయనకి వివరిస్తున్నాడు, ఈ స్పైడర్‌మేన్ ఈ లోకంవాడు, ఆ స్పైడర్‌మేన్ వేరే లోకంవాడు, ఇంకొకడు మూడో లోకంవాడు, ముగ్గురూ ఒకచోట కలిశారు అని. బాబాయి ఓపిగ్గా విని, "మరి వీళ్ళలో ఒకడు చచ్చిపోతే?" అన్నాడు.

"వేరే లోకం నుంచి ఇంకొకణ్ణి తెస్తారు తాతా."

బాబాయి నా వంక చూశాడు. నాకు ఆయన ఏం గుర్తు తెచ్చుకున్నాడో తెలుసు. ఫాంటమ్ ఒకడు కాదు. 1536లో మొదలై తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు, మనం చదివే ఆయన ఇరవై ఒకటో వాడు. చావులేని మనిషని అడవంతా అనుకుంటుంది గానీ, ప్రతి ఒక్కడూ చచ్చిపోయాడు. పుర్రె గుహలో వరసగా సమాధులు, పక్క గదిలో ఒక్కొక్కడు తన చేత్తో రాసిన పెద్ద పెద్ద పుస్తకాలు. ఆ పేజీ వచ్చినప్పుడు బాబాయి టార్చిలైటు వెలుగుని ఒక్కో సమాధి మీదా పెట్టి లెక్కపెట్టించేవాడు.

ఆయన పిల్లాడితో ఏమీ అనలేదు. "నీ స్పైడర్‌మేన్ బాగా మాట్లాడుతున్నాడ్రా తెలుగు" అని మాత్రం నాతో అన్నాడు. అది నేను రాసింది కాదు. కాదని చెప్పలేదు.

*

పెట్టె ముందు కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే ఆ మనవడే వచ్చి పక్కన చతికిలబడ్డాడు. పై పుస్తకం తీసి, "ఎవరు ఈయన?" అన్నాడు. చెప్పాను. "ఈయన సినిమా ఏది? ఎవరు చేశారు?" అన్నాడు. ఉంది గానీ ఎవరూ చూడలేదు అన్నాను. "మరి అంత ఫేమస్ కాదన్నమాట" అని జాలిగా చూశాడు పుస్తకం వంక. అమెరికా పేపర్లలో ఆ బొమ్మల కథ ఇప్పటికీ నడుస్తోందని చెబుదామనుకుని ఊరుకున్నా. వాడన్నదీ నిజమే. ఎక్కువ చూపించి మిగతావాళ్ళని అరగదీశారు, ఈయన్నేమో చూపించక మర్చిపోయారు. ఏది నయమో నాకు తెలియట్లేదు.

"చదవనా?" అన్నాను. సరే అన్నాడు, పెద్ద ఉత్సాహం లేకుండా.

తెరిచాను. పేజీ అంచుల్లో, బొమ్మలకీ బొమ్మలకీ మధ్య తెల్లటి సందుల్లో, పెన్సిలు రాత. చీమల్లాంటి అక్షరాలు. బాబాయి రాతే, టికెట్ల లెక్కల పుస్తకంలో చూసిన రాత. తెలుగు. ప్రతి బొమ్మకీ ఎవరు ఏం మాట్లాడాలో రాసి ఉంది. కొన్నిచోట్ల రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉంది. గురాన్ పక్కన 'ఆయ్ దొరగారూ'. ఒక సామెత కింద గీత గీసి 'ఇది మనదే' అని. ఇంకోటి తెరిచాను, అందులోనూ అంతే. ఇంకోటి. మేమంతా ఆయన అప్పటికప్పుడు, చూస్తూ చూస్తూ, నోటికొచ్చినట్టు చెప్తున్నాడనుకున్నాం. పిన్నిని అడిగితే, "ఏమో, నేను కాపరానికొచ్చాక కూడా డ్యూటీ నుంచొచ్చి దీపం పెట్టుకుని ఏదో గీసుకుంటూ ఉండేవాడు" అంది.

పిల్లాడు మోకాలు నా మోకాలికి ఆనించి బొమ్మలోకి వంగాడు. నాలుగో పేజీ చివర ఫాంటమ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపు, నీడ, ఉంగరం ఉన్న చెయ్యి. ఆ బొమ్మ పక్కన మాటలేమీ లేవు. చిన్న బాణం గుర్తు, దాని ముందు 'మెయిలు' అని రాసి, కొట్టేసి, కింద ఇంకో వరస: 'మెయిలు లేటు. గూడ్సు వచ్చేదాకా సాగదీయాలి.'